ఏ ఆల్బమ్ కోసం ఏడుద్దాం?

కిందటేడాది ఒక కళాశాల తెలుగు శాఖ వాళ్ళు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం స్మారక సంచిక తెస్తున్నామని, నన్నూ ఒక వ్యాసం రాయమని అడిగారు. అంశం కూడా వాళ్ళే ఇచ్చారు. బాలు బతికి ఉంటే చేసి ఉండే తరువాతి ఆల్బమ్‌ని ఊహించి రాయాలి. సాహిత్యం ఎవరిది, బాణీలు ఎవరివి, ఎన్ని పాటలు, ఏ రాగాలు... అంతా మన ఇష్టం. సరదాగా ఉంటుందనిపించి ఒప్పుకున్నాను.

దాచుకోవడమెందుకు, నేను బాలు పాటల మధ్య పెరిగినదాన్నే. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైంది. అనకాపల్లి దగ్గర మా పల్లెలో, నాకు ఊహ తెలిసేనాటికే, ఆ కార్యక్రమం వచ్చే రోజున అన్నాలు ముందే తినేసి కూర్చునేవాళ్ళం. తప్పు పాడిన పిల్లని ఆయన కసురుకోకుండా తనే ఆ ముక్క పాడి చూపిస్తుంటే మా నాన్న తువ్వాలుతో కళ్ళొత్తుకునేవాడు. మా అమ్మ పెరట్లో అంట్లు తోముతూ వినేది. 2020 సెప్టెంబరు 25న ఆయన చనిపోయారన్న వార్త విని నేనూ ఏడ్చాను. కాబట్టి ఇది బాలు మీద రాస్తున్న వ్యాసం కాదు. ఆయనతో నాకు ఏ పేచీ లేదు. నా తగాదా మన ఊహలతో.

రాయడం మొదలుపెట్టాను. ఎనిమిది పాటలనుకున్నాను. వాద్యబృందం వద్దు, ఒక తంబురా, ఒక వయొలిన్ చాలు. జీవితమంతా కుర్ర హీరోలకి గొంతు అరువిచ్చిన మనిషి కదా, ఈసారి ఎవరికీ ఇవ్వడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి తన వయసు తనే పాడుకుంటాడు. మధ్యలో ఊపిరి తీసుకునే చప్పుడు కూడా చెరపరు. ఈ ఊహ ఇప్పటికీ నాకు ఇష్టమే. కానీ రెండో పేజీకి వచ్చాక ఒకసారి వెనక్కి చదువుకున్నాను. కవి మగవాడు. స్వరకర్త మగవాడు. వయొలిన్ వాయించేది మగవాడు. స్టూడియోలో మీటలు నొక్కేవాడూ మగవాడే. ఎనిమిదిట్లో ఒకే ఒక్క యుగళగీతం, అందులో ఒక ఆడగొంతు. అందరికీ పేర్లు పెట్టుకున్న నేను, ఆమె దగ్గర మాత్రం "ఒక గాయని" అని రాసుకున్నాను.

ఒక గాయని! స్త్రీవాద సాహిత్యం చదువుకుని, సాహిత్యంలో డాక్టరేట్ తీసుకుని, తరగతి గదిలో పిల్లలకి పితృస్వామ్యం గురించి పాఠాలు చెప్పే నేను రాసిన మాట అది. ఆ మాట ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. బీరువాలోంచి నా సిద్ధాంత గ్రంథం తీశాను. చివర అనుబంధంలో 43 పాటలున్నాయి. ప్రతి పాట కిందా ఒకటే వాక్యం. "సమాచారదాత: ఒక గిరిజన స్త్రీ, జి.మాడుగుల మండలం."

పాడేరు నుంచి చింతపల్లి వెళ్ళే దారిలో ఉంటుంది జి.మాడుగుల. నేను క్షేత్ర పరిశోధనకి వెళ్ళిన 2014లో అది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. అక్కడికి కొంత దూరంలో, కొండవాలున ఉన్న ఒక కొందు గూడెంలో పెద్దమ్మ ఇంట్లో మూడు శీతాకాలాలు ఉన్నాను. ఆమె పేరు ఎందుకు రాయడం లేదో చివర్లో చెబుతాను. పగలంతా ఆమె కొండ మీద ఉండేది. మిరియాలో, పసుపో, అడ్డాకులో, కట్టెలో... ఖాళీ చేతులతో దిగడం నేను చూడలేదు. రాత్రి పొయ్యి దగ్గర కూచుని అడ్డాకులు విస్తళ్ళు కుడుతూ పాడేది. కొన్ని కువిలో, కొన్ని తెలుగులో, కొన్ని కొండ కింద సంతలో పట్టుకొచ్చిన ఆదివాసీ ఒడియాలో. కొత్తల పండగ పాటలు, థింసా ఆటకి పాడేవి, ఇటుకల పండగప్పుడు ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి జీపులు ఆపి డబ్బులడుగుతూ పాడేవి. వీటి మధ్య పెద్దమ్మ సొంతంగా కట్టినవి. ఆమె పాడుతుంటే నేను రికార్డర్ పట్టుకుని కూర్చునేదాన్ని. వచ్చేటప్పుడు ఒక చీర, ఒక స్వీట్ ప్యాకెట్ ఇచ్చాను. నలభై మూడు పాటలకి ఒక చీర. ఆ చీర ఖరీదు నాకిప్పటికీ గుర్తుంది, కానీ రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ పాటలతో నాకు డాక్టరేట్ వచ్చింది. ఉద్యోగం వచ్చింది. రెండు సదస్సుల్లో పత్రాలు చదివాను. పెద్దమ్మకి ఆ విషయమే తెలియదు.

స్మారక సంచిక వ్యాసం సగంలో ఆపి, సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ వెళ్ళాను. పెద్దమ్మ నన్ను గుర్తుపట్టింది. కానీ గొంతు పోయింది. రెండు మాటలు పాడితే దగ్గు తెర వస్తోంది. పాడేరులో ఇంటర్ చదువుతున్న మనవరాలు సెలవులకి వచ్చి ఉంది. పెద్దమ్మ ఆ పిల్లని నా ముందు కూచోబెట్టి అంది: "పాపా, నా పాటలు నీ డబ్బాలో ఉన్నాయి గదా. దీనికి ఇనిపించు. నాకిప్పుడు గొంతు నేదు. ఇని నేర్సుకుంటాది."

నా డబ్బాలో లేవు. 2018లో నా హార్డ్ డిస్క్ పాడైంది. ఇంకో కాపీ తీసి పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకోలేదని నన్ను నేను నిలదీసుకుంటే వచ్చిన జవాబు ఇది. పాటల్ని కాగితం మీదికి ఎక్కించేశాక నా దృష్టిలో ఆ శబ్దంతో పని అయిపోయింది. సాహిత్య విద్యార్థిని కదా, నాకు కావలసింది పాఠం. గొంతు ముడిసరుకు. పాత ఫోన్‌లో ఆరు పాటలు మిగిలాయి, అవి వినిపించాను. పెద్దమ్మ తన గొంతు తను వింటూ తలూపింది. ఆరోది అయిపోయాక ఏడోదాని కోసం చూసింది.

ఇప్పుడు చెప్పండి, ఎవరి రాని ఆల్బమ్ కోసం ఏడుద్దాం?

మైకేల్ జాక్సన్ 2009 జూన్‌లో చనిపోతే 2010 డిసెంబరుకల్లా 'మైకేల్' పేరుతో కొత్త ఆల్బమ్ బజారులోకి వచ్చింది. అందులో మూడు పాటల్లో గొంతు అసలు ఆయనదేనా అని అభిమానులు ఏళ్ళ తరబడి పోట్లాడారు, కోర్టుకెక్కారు. చివరికి 2022లో ఆ మూడు పాటల్నీ ఇంటర్నెట్ వేదికల నుంచి తీసేశారు. మన దగ్గర, 2023 నవంబరులో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో బాలు గొంతుని కృత్రిమ మేధతో మళ్ళీ పుట్టించారు. తమ అనుమతి లేదంటూ ఆయన కుమారుడు చరణ్ చిత్ర నిర్మాతలకీ సంగీత దర్శకుడికీ నోటీసు పంపారు. అది సరైన పనే. 2024లో 'లాల్ సలామ్' కోసం ఎ.ఆర్. రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడినప్పుడు, కుటుంబాలని అడిగి, డబ్బు చెల్లించి వాడుకున్నామని చెప్పారు. అంటే సూపర్‌స్టార్ చనిపోయినా ఆయన తరువాతి ఆల్బమ్ ఆగదు. దాన్ని ఊహించే అభిమానులున్నారు, పాడే యంత్రముంది, కాపలా కాసే వారసులున్నారు, లాయర్లున్నారు. ఇక మన సాహిత్య శాఖలు కూడా ఎందుకు ఆ వరసలో నిలబడాలి?

బాలు బతికుండగా కూడా పాట మీద హక్కు ఎవరిదన్న గొడవ ఆయన్ని వదల్లేదు. 2017 మార్చిలో అమెరికాలో కచేరీలు చేస్తున్నప్పుడు, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజా ఆయనకి నోటీసు పంపారు. దేశమంతా దాని మీద చర్చ. నేనూ వాదించాను, బాలు పక్షాన. పాట కట్టినవాడిదా, పాడినవాడిదా అని స్టాఫ్ రూమ్‌లో గొంతు చించుకున్నాను. పాడినవాళ్ళకే ఎక్కువ హక్కుండాలన్న నేను, పాడిన ఒక మనిషి పాటల్ని సొంత పేరుతో అచ్చువేసుకుని అప్పటికి చాలా కాలం కాలేదు.

చట్టం సంగతి ఈ వ్యాసం రాయబోతూ చదివాను. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. పాట ఎవరు రాశారన్నదానితో నిమిత్తం లేకుండా, పాడిన మనిషికి తన గానం మీద ఉండే హక్కు అది. యాభై ఏళ్ళు ఉంటుంది. 2012లో దాన్ని ఇంకా గట్టిపరిచారు. పొయ్యి దగ్గర అడ్డాకులు కుడుతూ పాడిన మనిషి ఆ చట్టానికి బయట ఉందని అందులో ఎక్కడా లేదు. మా పరిశోధనా పద్ధతుల తరగతిలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. కార్డులు ఎలా రాయాలో, ఉపప్రమాణాలు ఎలా ఇవ్వాలో మాత్రం నెలల తరబడి చెప్పారు.

దీనికి మా జానపద విజ్ఞానం వాళ్ళ దగ్గర తయారుగా ఒక జవాబు ఉంటుంది. జానపద గేయం సామూహికం, దానికి కర్త ఉండడు అని. సరే, పాట సామూహికమే అనుకుందాం. గొంతు సామూహికమా? దగ్గు సామూహికమా? పెద్దమ్మ పాడిన ఒక ఇటుకల పండగ పాటలో సంత జీపు వస్తుంది, గిరిజన సహకార సంస్థ డిపోలో తూకం వేసే మనిషి వస్తాడు, వాడి కాటా ఎటు వంగుతుందో వస్తుంది. ఆ ముక్కలు పక్క గూడెంలో ఎవరూ పాడరు. ఆమె కట్టినవి. నేను వాటి పక్కన ఏం రాశానో తెలుసా? "పాఠాంతరం." బాలు పల్లవిలో చిన్న నవ్వు కలిపితే అది బాలు మార్కు. దాని మీద వ్యాసాలు రాస్తాం. పెద్దమ్మ చరణానికి చరణమే కొత్తగా కడితే అది పాఠాంతరం. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరాన్ని కొలిచే పని మన విమర్శ ఎప్పుడు పెట్టుకుంటుంది?

1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ వాళ్ళు గౌహర్ జాన్ పాట రికార్డు చేసినప్పుడు, పాట చివర ఆమె తన పేరు తనే గట్టిగా చెప్పింది. రికార్డులు జర్మనీలో అచ్చవ్వాలి, అక్కడివాళ్ళకి ఈ గొంతు ఎవరిదో తెలియాలి కదా, అందుకని. కంపెనీ అవసరమే కావచ్చు. కానీ నూట ఇరవై ఏళ్ళు దాటినా ఆ రికార్డు వింటే ఆమె పేరు ఆమె నోటనే వినిపిస్తుంది. నా నలభై మూడు రికార్డింగుల్లో ఒక్కదాని చివరైనా పెద్దమ్మని పేరు చెప్పమని నేను అడగలేదు. మన స్త్రీవాదానికి ఇది తెలియని పాఠమేమీ కాదు. 1986లోనే స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు అందులో తమ పేర్లతో, తమ మాటలతో మాట్లాడారు. నేను ఆ పుస్తకాన్ని ఏటా తరగతిలో బోధిస్తాను!

పాట గురించి ఇంత మాట్లాడుతూ వాకపల్లిని దాటిపోతే అది మోసం. అదీ జి.మాడుగుల మండలమే. 2007 ఆగస్టు 20న గాలింపుకి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండు మంది కొందు స్త్రీలు చెప్పారు. చెప్పారు, మళ్ళీ చెప్పారు, విచారణ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు. 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానం పదమూడు మంది నిందితుల్నీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టింది. ఆ స్త్రీలకి నష్టపరిహారం ఇవ్వమంది. ఆ తీర్పు వచ్చిన వారంలో నేనున్న ఊళ్ళో ఒక సాంస్కృతిక ఉత్సవంలో థింసా ఆట చూశాను. ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడుతున్న ఆడవాళ్ళ పక్కన నిలబడి అతిథులు ఫోటోలు దిగారు. బాగా ఆడారని అందరూ మెచ్చుకున్నారు. వాళ్ళు ఏ మండలం నుంచి వచ్చారో వేదిక మీద ఎవరూ చెప్పలేదు. ఆ కొండల మీది ఆడవాళ్ళు నోరు తెరిస్తే పాటే రావాలని మనకో అలవాటు పడిపోయింది. నేను మూడు శీతాకాలాలు ఆ మండలంలో ఉండి, నా గ్రంథంలో వాకపల్లి అన్న మాట ఒక్కసారి కూడా రాయలేదు. "అంశానికి సంబంధించదు" అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇదంతా ఒక స్నేహితురాలితో అంటే, "అయితే నువ్వు పెద్దమ్మ ఆల్బమ్‌ని ఊహించి రాయి. బాలు బదులు ఆమె" అంది. మంచి ఉద్దేశంతోనే అంది. నాకూ ఆశ పుట్టింది. పొగమంచు, పొయ్యి వెలుగు, తుడుం, కిరిడి, కొండ మీంచి దిగే స్వచ్ఛమైన గొంతు... చేయి తిరిగిన రచయిత్రులం కదా, ఒక రాత్రిలో రాసేస్తాం. అలా రాస్తే అది ఇంకో రకం దోపిడీ. ఆవిడ తరఫున ఊహించడమే కదా నేను ఇన్నాళ్ళూ చేసింది!

అందుకే ఊహించకుండా అడిగాను. "పెద్దమ్మా, గొంతు బాగుండి, నీ పాటలతో ఒక క్యాసెట్ వేస్తామంటే ముందు ఏది పాడతావు?"

క్యాసెట్ అన్న మాటకి మనవరాలు నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు, ఆలోచించింది. ఆలోచించి, రేడియోలో నేర్చుకున్న ఒక సినిమా పాట చెప్పింది. బాలు పాట! ఒక యుగళగీతం.

నేను తెల్లబోయాను. వెంటనే పాత సంగతి గుర్తొచ్చింది. 2014లో ఒక రాత్రి పెద్దమ్మ ఈ పాటే ఎత్తుకుంది. అందులో మగవాడి చరణం సినిమాలో ఉన్నట్టే పాడింది, బాలు విరుపులతో సహా. ఆడదాని చరణం వచ్చేసరికి మాత్రం సినిమాలో మాటలు వదిలేసి, కువిలో తన జవాబు పాడింది. అతను వెన్నెల్లోకి రమ్మంటాడు. ఈమె, ముందు ఆ కట్టెల మోపు దించు, ఆ తరువాత వెన్నెల సంగతి చూద్దాం అంటుంది. అతను నీ కళ్ళు, నీ నడుము అంటాడు. ఈమె ఆ నడుం నొప్పి గురించి అడుగుతుంది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. అర్థం చెప్పించుకుని నేనూ నవ్వాను.

నవ్వి, రికార్డర్ ఆపేశాను. అది సినిమా పాట. నా పరిశోధనకి పనికిరాదు. "బాహ్య ప్రభావం" అని నోట్సులో రాసుకున్నాను కూడా. బాలు గొంతుకి ఎదురుగా నిలబడి, ఆ యుగళగీతంలో ఆడదాని వంతు తన భాషలో తిరగరాసిన మనిషి నా ముందు ఉంది. స్మారక సంచికల్లో ఊహించలేని ఆల్బమ్ ఆ రాత్రి ఆ పొయ్యి దగ్గర నడుస్తోంది. పాడైన హార్డ్ డిస్క్‌ని నిందించడానికి కూడా లేదు, ఆ పాట అందులోకి ఎక్కనే లేదు.

సంచిక వాళ్ళకి వ్యాసం పంపలేదు. "ఒక గాయని" దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ ఫోన్ చేస్తే కారణం చెప్పాను, అటువైపు కాసేపు మాట లేదు. తరువాత, "మీరు మరీ సీరియస్‌గా తీసుకున్నారు మేడమ్" అన్నారు. అవును, తీసుకున్నాను. తెలుగు శాఖల్లో, బీరువాల్లో, మనలాంటి వాళ్ళ ఇళ్ళ అటకల మీద ఎన్ని క్యాసెట్లు బూజు పడుతున్నాయి? అందులో ఎన్ని గొంతులకి పేర్లున్నాయి? ఎన్ని కాపీలు తిరిగి ఆ గూడేలకి వెళ్ళాయి? ఇది చదువుతున్న వాళ్ళలో నాలాగే అనుబంధాలతో డాక్టరేట్లు తీసుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. లేచి అటక వెతకండి. క్యాసెట్ ప్లేయర్ దొరక్కపోతే నాకు రాయండి, నేనొకటి సంపాదించాను.

పెద్దమ్మ దగ్గు తగ్గిన పూట నాలుగు చరణాలు పాడుతోంది. మనవరాలు తన ఫోన్‌లో ఎక్కిస్తోంది, సినిమా పాటలు కూడా ఆపకుండా. మొదటిది ఎక్కించాక, "ఏ పేరుతో సేవ్ చెయ్యమంటావక్కా?" అని నన్నడిగింది. నన్ను కాదు, ఆమెని అడుగు అన్నాను.

నేనూ పెద్దమ్మని అడిగాను, ఈ వ్యాసంలో నీ పేరు రాయనా అని. నా వైపు కాసేపు చూసి, "ముందు ఆ ముప్పై ఏడు పాటలు తెచ్చియ్యి పాపా, పేరు సంగతి అప్పుడు సెప్తాను" అంది.